8 జీబీ ల్యాప్‌టాప్‌లో 32 జీబీ ఎలా పట్టింది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ కోర్సు చేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, 8 జీబీ ర్యామ్. టాప్ కమాండ్ కొడితే బ్రౌజర్ వరుసలో, విర్ట్ కాలమ్ కింద 32 జీబీ అని ఉంది! వైరస్ పట్టిందా? ఎస్‌పీ రోడ్డుకెళ్లి ఇంకో 8 జీబీ వేయించమని రూమ్మేట్ అంటున్నాడు.

జవాబు: ఆ ఒక్క అంకె చూసి వైరస్ అనుకోకండి, ర్యామ్ కూడా అప్పుడే కొనకండి. విర్ట్ అంటే ఆ ప్రోగ్రామ్ తన పేరిట రాయించుకున్న అడ్రస్‌ల మొత్తం. నిజంగా ర్యామ్‌లో ఉన్నదెంతో పక్కనున్న రెస్ కాలమ్ చెబుతుంది.

మీ పీజీలో 101 నంబరు గది ఉంటుంది, పక్క వీధి పీజీలోనూ ఉంటుంది. మీ వంటావిడతో '101కి టిఫిన్' అంటే మీ 101కే వస్తుంది. ప్రోగ్రామ్‌లదీ అదే తీరు: అడ్రస్ నంబరు ఒకటే అయినా, ర్యామ్‌లో చోటు వేరు. ఒక్కోదానికీ ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా ఒక పట్టిక (పేజ్ టేబుల్) రాసిపెడుతుంది. ఏ అడ్రస్ అసలు ర్యామ్‌లో ఎక్కడుందో ప్రాసెసర్‌లో అడ్రస్‌ల పని చూసే భాగం, ఎంఎంయూ, అందులో చూసుకుంటుంది. ఆ పట్టికలో లేని చోటును ప్రోగ్రామ్ తాకలేదు. అందుకే బ్రౌజర్ కూలినా, పక్కన మీరు రాస్తున్న కోడ్ చెక్కుచెదరదు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఇక 32 జీబీ సంగతి. మామూలు 64 బిట్ లినక్స్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు 128 టీబీ దాకా అడ్రస్‌లు దొరుకుతాయి. అడగ్గానే అడ్రస్ ఇచ్చేస్తారు, ర్యామ్ ఇవ్వరు. ఆ చోటును మొదటిసారి తాకినప్పుడు 'ఇక్కడ ఇంకా ర్యామ్ లేదు' అనే కబురు (పేజ్ ఫాల్ట్) వస్తుంది, అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ 4 కేబీ ర్యామ్ ముక్క, అంటే ఒక పేజీ, కేటాయిస్తుంది. మీ 8 జీబీలో అలాంటి పేజీలు దాదాపు 21 లక్షలు. రెస్ అంకెలన్నీ కూడినా లెక్క తప్పుతుంది, ఎందుకంటే చాలా ప్రోగ్రామ్‌లు ఒకే లైబ్రరీ పేజీలను పంచుకుంటాయి.

ర్యామ్ చాలనప్పుడు, కొంతకాలంగా వాడని పేజీలు డిస్క్ మీద అందుకని ఉంచిన చోటుకు, అంటే స్వాప్‌కు, వెళ్తాయి. 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌ కూడా ఇలాగే పేజీలను డ్రమ్ (డేటా దాచే అయస్కాంత పీపా) మీదికి పంపేది.

మీకు ర్యామ్ కావాలో లేదో తేలాలంటే, మామూలుగా పని చేసుకుంటూ 'వీఎంస్టాట్ 1' (vmstat 1) కమాండ్ కొట్టండి. మొదటి వరుస వదిలేసి ఎస్ఐ (si, స్వాప్ నుంచి వచ్చినది), ఎస్ఓ (so, స్వాప్‌కు వెళ్లినది) కాలమ్‌లు చూడండి. సున్నాలే ఉంటే డబ్బు దాచుకోండి. పెద్ద అంకెలు ఆగకుండా వస్తుంటే మీ రూమ్మేట్ మాట నిజమే. అయితే బయల్దేరే ముందు మీ మోడల్‌లో ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారో కనుక్కోండి.