హైడ్‌బౌండ్ (hidebound) అనే ఇంగ్లిష్ మాటకు "దాక్కున్న" అని అర్థం ఎందుకు రాదు?

మీరు "హైడ్"ను దాచడం అనే క్రియగా చదివారు. చిక్కు అక్కడే వచ్చింది. మీకు గుంటూరు బ్రాడీపేట కోచింగ్‌లో ఇచ్చిన పేపర్‌లో "దాక్కున్న" తప్పయి, "పాత పద్ధతి వదలని" రైట్ కావడానికి కారణం ఇదే.

1. ఇక్కడ హైడ్ నామవాచకం. గొడ్డు తోలు అని అర్థం. చాలామంది ఈ ఒక్కటీ చూసుకోకుండా ముందుకెళ్లిపోతారు.

2. బౌండ్ అంటే హద్దు కాదు. బైండ్‌కు మూడో రూపం, బిగిసిపోయిన అని.

3. రెండూ కలిపితే తోలు బిగుసుకుపోయిన అని వస్తుంది. ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దంలో ఈ మాటను నిజంగానే పశువుల గురించి వాడారు. మేత చాలక చిక్కిన గొడ్డుకు తోలు డొక్కలకు అంటుకుపోతుంది. పట్టి లాగినా పైకి లేవదు. మన పల్నాడు వైపు వేసవిలో గొడ్లను మేపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తర్వాత బెరడు బిగిసి ఎదగని చెట్లకూ వాడారు. అలాగే కొత్త ఆలోచనకు చోటివ్వని మనుషులకూ వచ్చింది. 1644లో పుస్తకాల లైసెన్సింగ్‌ను, అంటే అచ్చుకు ముందే అనుమతి తీసుకోవాలన్న రూల్‌ను వ్యతిరేకిస్తూ ఇంగ్లిష్ కవి మిల్టన్ ఈ అర్థంలోనే వాడాడు.

4. ఆప్షన్లలో అడమెంట్ (adamant) కూడా ఉంటే జాగ్రత్త. అది ఒక నిర్ణయం మీద పట్టు పట్టడం. హైడ్‌బౌండ్ అంటే అలవాటు, ఆచారం, రూల్స్ బిగించేయడం వల్ల మారలేకపోవడం. వాక్యంలో ట్రెడిషన్, బ్యూరోక్రసీ లాంటి మాటలు కనిపిస్తే టెన్షన్ పడకుండా దీన్నే పెట్టండి.