గులాబీ కుండీల్లో ఏం వేస్తున్నావో ముందు అది చెప్పు

చిన్నీ,

కొత్తింటి ఫోటోలు చూశాను. తోట బాగుంది, మెట్ల మీద కాళ్లు చాపుకుని పడుకున్న మీ కుక్క బ్రూనో ఇంకా బాగున్నాడు. కానీ వెనక గోడకి ఆనించిన ఆ మూడు సంచులు చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. వాటిలో ఆముదం పిండి, అదే గింజల నుంచి నూనె తీశాక మిగిలే ఎరువు, ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు దాన్ని వాడికి అందని చోట పెట్టి తాళం వేసి రా.

మా టామీ నీకు గుర్తుందో లేదో. కడియం నుంచి తెచ్చుకున్న గులాబీలకి సాయంత్రం తలా ఒక గుప్పెడు ఆముదం పిండి వేశాను. తెల్లారి చూస్తే రెండు కుండీలు తవ్వేసి ఉన్నాయి, వాడి మూతి నిండా మట్టి. కోప్పడి, మూతి కడిగి ఊరుకున్నాను. రాత్రికి వాంతులు, మర్నాటికి రక్త విరేచనాలు. డాక్టరు గారు "బయటదేమైనా తిన్నాడా" అని రెండుసార్లు అడిగితే ఇంట్లో పెట్టిందే తిన్నాడన్నాను, ఎందుకంటే పిండి ఎరువని తప్ప విషమని నా బుర్రకి తట్టనే లేదు. మూడో రోజు పోయాడు. ఆముదం గింజలో ఉండే రైసిన్ అనే విషం నూనెలోకి రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. దానికి విరుగుడు లేదు. బాగా వేడి చేస్తే విషం విరుగుతుంది గానీ, మనం కొన్న సంచీలో పిండిని అలా చేశారో లేదో మనకెలా తెలుస్తుంది? నువ్వు వేప పిండి, వర్మీకంపోస్టు వాడుకో, పూలేమీ తగ్గవు. ఎముకల పొడి కూడా వద్దు, ఆ వాసనకి మట్టితో సహా తినేస్తారు.

ఇంకో సంగతి, మీ మాలీని కూర్చోబెట్టి అడుగు. వేరు పురుగుకని చాలామంది చెప్పకుండా పురుగుమందు గుళికలు కలిపేస్తారు. ఫోరేట్ గుళికల్ని మన దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు, అయినా పాత డబ్బా ఎక్కడో మూల ఉండిపోవచ్చు. పిండిలో గుళికలు కలిపి వేశారంటే కుక్కకి ఎర పెట్టినట్టే.

ఎలుకల మందు అసలు కొనకు, బోను పెట్టు. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న కుక్క మూడు నాలుగు రోజులు మామూలుగానే తిరుగుతుంది, ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. తిన్నట్టు తెలిస్తే బాగానే ఉన్నాడు కదా అని చూడకుండా ఆ రోజే తీసుకెళ్లాలి, విటమిన్ కె1 తో బతుకుతారు.

స్ప్రే తప్పదనుకుంటే నీళ్ల గిన్నె, బొమ్మలు ముందే లోపల పెట్టు. ఆకులు, నేల పూర్తిగా ఆరేదాకా వాణ్ని వదలకు, డబ్బా మీద ఇంకా ఎక్కువ టైం రాసి ఉంటే అంతసేపూ ఆగు. తడి గడ్డిలో తిరిగొచ్చి పాదాలు నాకుతారు చూడు, మందు అలాగే లోపలికి పోతుంది. డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటుంది, దాని కింది సగం ఎరుపో పసుపో అయితే ఆ మందు గేటు లోపలికే రానివ్వకు.

నోట్లోంచి చొంగ తీగల్లా కారుతున్నా, కళ్లు నీరు కారుతున్నా, వెనక కాళ్లు వణుకుతున్నా ఒక్క నిమిషం ఆగొద్దు. చింతపండు రసం, ఉప్పు నీళ్లు, పాలు ఎవరు చెప్పినా పట్టకు, వణికే కుక్కకి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డబ్బా కూడా పట్టుకెళ్లు. పురుగుమందుల్లో కొన్నిటికి అట్రోపిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది, ఏ మందో తెలిస్తేనే డాక్టరు వెంటనే మొదలుపెట్టగలరు. నేను ఆ రోజు ఆ సంచీ పేరు చెప్పలేకపోయాను.

రాత్రి పూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి మీకు దగ్గర్లో ఎక్కడుందో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు. ఆ మూడు సంచుల మీద అక్షరాలు కనబడేలా ఫోటోలు తీసి పంపు, ఏది ఉంచాలో ఏది పారేయాలో చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ