బొమ్మల సినిమాకు పిల్లల్ని తీసుకుపోయే ముందు

మిర్యాలగూడ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, పొద్దున పూట మళ్ళీ గుడిదాకా నడుస్తోంది.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "మామా, ఇంకో బొమ్మల సినిమా వస్తోందట, పిల్లలు ఒకటే గొడవ. మొన్నటిలాగే ఉంటే పైసలు దండుగ, టైం దండుగ. పోవాలా వద్దా?" అని. అప్పుడు "చూద్దాంలే బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను గానీ, ఆ రాత్రంతా అదే ఆలోచన. పోవాలా వద్దా అన్నది చిన్న సంగతే. మొన్న మా ఇంట్లో, పిల్లలు ఆడుకునే ప్లేమొబిల్ బొమ్మల మీద తీసిన ఆ సినిమా నడుస్తున్నంతసేపూ నువ్వు వంటింట్లో ఉన్నావు. హాల్లో ఏం జరిగిందో నేను చూశాను. అది నీకు చెప్పాలి.

ముప్పై ఏళ్ళు సినిమా థియేటర్ ఆపరేటర్ రూంలో బతికినవాణ్ణి. మెషీన్ పక్కనుండే చిన్న కిటికీలోంచి తెర కంటే జనాన్నే ఎక్కువ చూశాను. సినిమా ఎట్లుందో నాకు చెప్పింది పక్క తలుపుకుండే పరదా. మ్యాట్నీ ఆటలో ఎవరైనా లేచి బయటికి పోతే ఆ పరదా తొలగి, ఎండ ఒక చారలాగా లోపల పడేది. మంచి సీను నడుస్తుంటే పది నిమిషాలైనా చార పడేది కాదు. పిల్లలకు విసుగు పుట్టిందంటే చార మీద చార. ఒకడు నీళ్ళకు, ఒకడు ఒంటికి, ఇంకొకడు ఊరికే. బయట క్యాంటీన్ దగ్గర తండ్రులు "మంచిగనే ఉంది" అనేవాళ్ళు, టికెట్ కొన్న పాపానికి. పరదా మాత్రం అబద్ధం చెప్పేది కాదు.

మా ఇంట్లో పరదా లేదు, ఫ్రిజ్ ఉంది. లైట్లు ఆర్పి 'ప్లేమొబిల్: ద మూవీ' పెట్టుకున్నామా, మీవాడు లేచి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా గదిలో తెల్లటి వెలుతురు పడేది. మొత్తం ఐదుసార్లు తీశాడు. ఒక్కసారి కూడా ఏమీ తీసుకోలేదు. చిన్నదైతే సగంలోనే నా ఒళ్ళో పడుకుంది.

అయితే బిడ్డా, మొదటి పది నిమిషాలు వాడు కదల్లేదు. ఆ సినిమా బొమ్మలతో మొదలుకాదు, నిజం మనుషులతో మొదలవుతుంది. ఒక అక్క, ఒక తమ్ముడు. అక్క లోకమంతా తిరగాలని పాటపాడుతుంది, తమ్ముడితో ఆడుతుంది. అంతలో తలుపు కొడతారు. పోలీసులు. అమ్మానాన్న యాక్సిడెంట్‌లో పోయారని చెప్తారు. మీవాడు అప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా అడిగాడు, "తాతా, వాళ్ళ అమ్మానాన్న మళ్ళా కనిపిస్తరా?" అని. చూద్దాం నాన్నా అన్నాను.

వాడు చూశాడు. ఆ పిల్లలిద్దరూ బొమ్మల లోకంలో పడ్డారు, తమ్ముడు వైకింగ్ యోధుడు అయ్యాడు, ఆ తర్వాత కౌబాయ్‌లు, గూఢచారి, రోబోలు, మంత్రాల దేవత, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాడు ఎదురుచూస్తున్నది మాత్రం రాలేదు. అప్పుడు మొదలైంది ఫ్రిజ్ తలుపు. మా అక్క, అంటే వాళ్ళ అమ్మమ్మ, పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు. వాడి కళ్ళలో ఏం తిరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

సినిమా అయిపోగానే నువ్వు వచ్చి "ఎట్లుంది?" అన్నావు. వాడు "మంచిగుంది" అన్నాడు. "ఏం మంచిగుంది, ఒకడు తిరుగుడే తిరుగుడు, ఒకతి నిద్ర" అన్నావు. నీ తప్పు పట్టట్లేదు తల్లీ, పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడ్డదానివి. కానీ ఆ మాటతో వాడి నోరు మూతపడింది. పిల్లలను "ఎట్లుంది" అని అడగొద్దు. అడిగితే పెద్దవాళ్ళు వినాలనుకున్నదే చెప్తారు. "మళ్ళీ ఒక్క ముక్క చూడొచ్చంటే ఏది చూస్తావు?" అని అడుగు. వాడు ఏ సీను చెప్తే, వాడి మనసు అక్కడ ఆగిందన్నమాట. థియేటర్లో ఆట వదిలాక మెట్లు దిగుతూ పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేది కథంతా కాదు, ఒకే ఒక్క సీను. వాళ్ళ మాటలు వింటే చాలు, ఆ సినిమా రెండో వారం ఆడుతుందో లేదో మా ఓనరుకు చెప్పేవాణ్ణి.

ఆ సినిమా ఎందుకు అట్లా తేలిపోయిందో నేను తర్వాత ఫోన్లో చదివాను. ప్లేమొబిల్ అనేది జర్మనీ బొమ్మ. 1974లో బయటికి వచ్చింది. హాన్స్ బెక్ అనే ఆయన తయారుచేశాడు. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పిల్లల పిడికిట్లో పట్టేంత. పిల్లలు మనిషి బొమ్మ గీస్తే ఎట్లా గీస్తారో చూసి దానికి పెద్ద తల పెట్టాడు, రెండు చుక్కల కళ్ళు, ఒక నవ్వు పెట్టాడు, ముక్కు పెట్టలేదు. అంత తక్కువ ముఖం కాబట్టే పిల్లవాడు దాన్ని ఈరోజు దొంగను చేస్తాడు, రేపు డాక్టరును చేస్తాడు. కథ వాడిది, బొమ్మది కాదు. సినిమావాళ్ళు ఆ ఖాళీనంతా తామే నింపేశారు. కొట్టులో ఏయే డబ్బాలున్నాయో వాటన్నిటినీ తెర మీద ఒకసారి తిప్పి చూపించారు. అమెరికాలో 2019 డిసెంబర్‌లో 2,300కు పైగా థియేటర్లలో వేస్తే, మొదటి మూడు రోజుల్లో వచ్చింది ఆరున్నర లక్షల డాలర్లట. లెక్క వేస్తే ఒక్కో థియేటర్‌కు మూడు రోజులకు 300 డాలర్లు కూడా రాలేదు. ఖాళీ కుర్చీలకు ఆట వేయడమంటే ఏమిటో నాకు తెలుసు. వందలమంది యానిమేషన్ కళాకారులు ఏళ్ళతరబడి చేసిన పని అట్లా పోయిందంటే నాకు బాధే అనిపించింది.

బొమ్మల సినిమా అంటేనే పనికిరాదని మాత్రం అనుకోకు. 2014లో వచ్చిన 'ద లెగో మూవీ' కూడా ఒక కంపెనీ అమ్మే బొమ్మల మీద తీసిందే, ఒకదానికొకటి తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్కల బొమ్మలు. అందులో చివరికి తెలుస్తుంది, ఇదంతా ఒక పిల్లవాడు ఆడుకుంటున్న ఆట అని. వాళ్ళ నాన్న ఆ ముక్కలన్నీ చెదరకుండా బంకపెట్టి అతికించేయాలంటాడు, కొడుకు ఆడుకోవాలంటాడు. ప్రతి ఇంట్లో ఉండే తగాదానే కదా! నేను అది చూస్తూ నా కొడుకును ఎన్నిసార్లు "ముట్టకు, పాడవుతుంది" అన్నానో గుర్తుచేసుకున్నాను.

కంపెనీ లెక్కలు కథలో వేలు పెట్టడం కొత్తదేమీ కాదు. 1986లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రోబో బొమ్మల కార్టూన్ సినిమా వచ్చింది. కొత్త బొమ్మలు కొట్టుకు రావాలి కాబట్టి, పిల్లలు ప్రాణంగా చూసుకునే ఆప్టిమస్ ప్రైమ్ అనే రోబో నాయకుణ్ణి అందులో చంపేశారు. కంపెనీవాళ్ళకు అది పాత సరుకు. హాల్లో కూర్చున్న పిల్లలు ఏడ్చారు. ఆ ఏడుపు చూసి, అదే కంపెనీ సైనికుల బొమ్మల మీద తర్వాత వచ్చిన సినిమా జి.ఐ. జోలో చావాల్సిన హీరోను చంపకుండా కోమాలో ఉన్నాడని ఒక మాట కలిపారు. పిల్లలకు బొమ్మ మీద ఉండే ప్రేమ ఎంతదో ఆ లెక్కలు రాసేవాళ్ళకు అప్పుడు తెలిసొచ్చింది.

ఇక నువ్వు చేయాల్సింది. ఆ కొత్త సినిమా ట్రైలర్‌ను పిల్లలు లేనప్పుడు సౌండ్ తీసేసి ఒకసారి చూడు. పాట, అరుపులు లేకపోతే అసలు సరుకు కనిపిస్తుంది. ఒకళ్ళకు ఏదో కావాలి, దానికోసం తిప్పలు పడుతున్నారు అని నీకు అర్థమైతే టికెట్ కొను. కొత్త బండి, కొత్త డ్రెస్సు, కొత్త కోట ఇట్లా వరసగా వచ్చి పోతుంటే అది కొట్టువాడి జాబితా. మొదటి రోజు పోవద్దు, సోమవారం దాకా ఆగు. మీ అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో చూసి వచ్చినవాళ్ళను పట్టుకుని, బాగుందా అని అడగకుండా, "మీవాడు ఎన్నిసార్లు లేచాడు?" అని అడుగు.

సినిమా సెన్సార్ సర్టిఫికెట్ కూడా చూసుకో. ఇప్పుడు అందరూ చూడొచ్చంటే యూ, దాని తర్వాత ఆ వయసు లోపు పిల్లలకు పెద్దల సలహా కావాలంటే యూఏ 7+, 13+, 16+ అని వేరుచేసి ఇస్తున్నారు. చిన్నదానికి ఇంకా నాలుగేళ్ళే కదా. అయితే అది పిల్లలు చూడొచ్చా లేదా అనే చెప్తుంది, కథ బాగుందని చెప్పదు. సినిమాలో చావు ఉందేమో ముందే కనుక్కో. ఉంటే మానుకోమని నేను అనను, వాడి పక్కన నువ్వు కూర్చో. ఫోన్ బ్యాగులో పెట్టి కూర్చో.

ఇంటర్వెల్‌లో ఇంటికి పోదామంటే తీసుకొని రా. టికెట్ డబ్బుల కోసం మిగతా సగం కూర్చోబెట్టొద్దు. బయటికి రాగానే పక్క షాపులో అదే బొమ్మ కావాలంటాడు, అందుకే కదా అక్కడ పెట్టేది. "ఎనిమిది రోజుల తర్వాత కూడా గుర్తుంటే కొందాం" అను. గుర్తుండి అడిగితే మాట తప్పకుండా కొనిపెట్టు.

ఆ మర్నాడు జరిగింది కూడా నీకు చెప్పలేదు. పొద్దున్నే వాణ్ణి పశువుల కొట్టం దగ్గరికి తీసుకుపోయి జొన్న సొప్ప చూపించాను. మా అక్క, నేను చిన్నప్పుడు వాటితోనే ఆడేవాళ్ళం. ఎండిన దంటు పైన పెచ్చు ఒలిస్తే లోపల తెల్లని బెండు, చెయ్యి పెడితే దూదిలా తేలిక. ఒలిచిన పెచ్చులనే సన్నగా చీరి సూదుల్లాగా గుచ్చితే బండి అవుతుంది, ఎడ్లు అవుతాయి. పెచ్చు బ్లేడులా కోస్తుంది కాబట్టి ఒలిచే పని నేనే చేశాను. అక్క అయితే ఎడ్లకు కొమ్ములు కూడా పెట్టేది. అది చెప్పాను వాడికి.

వాడు గంటసేపు కిక్కురుమనలేదు. బండి కట్టాడు. బండిలో ఒక పొడుగు ముక్క, రెండు చిన్న ముక్కలు పెట్టాడు. ఎవరురా అంటే, "అమ్మమ్మ, నేను, చెల్లె. చెరువుగట్టు జాతరకు పోతున్నం" అన్నాడు. కొంచెం దూరం తోశాక పొడుగు ముక్కను తీసి గడపమీద పెట్టాడు. "అమ్మమ్మ ఈడనే దిగింది. మేము పోయొస్తం" అన్నాడు. మళ్ళీ తోసుకుంటూ పోయాడు. వచ్చేటప్పుడు గడప దగ్గర ఆపి ఆ ముక్కకు ఏదో చెప్పాడు, నాకు వినిపించలేదు. నేను అడగలేదు.

ఆ బండి ఇంకా మా అల్మారాలోనే ఉంది. ఒక చక్రం ఊడింది, అట్లాగే ఉంచాను. సినిమాకు పోయినా పోకపోయినా వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకొని రా. పక్కింటాయన రెండు కట్టల సొప్ప తీసిపెడతానన్నాడు. వానపడితే బెండు మెత్తబడుతుంది, ఆలస్యం చెయ్యకు.

మీ మామ