సమాధానం: అమ్మగారితో, పిల్లలతో మైపాడు వెళ్లాలంటే

సంక్రాంతికి నెల్లూరు వస్తున్నామని, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు కూడా సముద్రం ఒడ్డున కాస్త నడవగలిగే చోటు కావాలని అడిగారు. మైపాడు బీచ్‌కే వెళ్లండి. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సుమారు 25 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులు కూడా ఉంటాయి. కనుమ రోజు, ఆదివారం మాత్రం వద్దు, జనం విపరీతంగా ఉంటారు.

తెల్లారేసరికి అక్కడుండేలా బయల్దేరండి. మనది తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే పైకొస్తాడు. సాయంత్రం వెళితే అది దొరకదు. పొడి ఇసుకలో పాదాలు దిగబడతాయి, అమ్మగారికి కష్టం. అల వెనక్కి వెళ్లాక తడిగా, గట్టిగా మిగిలే పట్టీ ఉంటుంది చూడండి, దాని మీద నడిపించండి, చెప్పులు చేత్తో పట్టుకుని. జనం ఉన్న చోటు దాటితే పడవలు, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు కనిపిస్తారు. పిల్లలకు ఎండ్రకాయల బొరియలు చూపించండి. అడుగు చప్పుడైతే చాలు, అవి లోపలికి దూరిపోతాయి.

పిల్లల్ని నీళ్లలోకి మాత్రం పంపకండి. పైకి ప్రశాంతంగా కనిపించినా లోపలికి లాగేస్తుంది, ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పాదాలు తడిస్తే చాలు, అదీ మీరు చెయ్యి పట్టుకుని.

టిఫిన్, మంచినీళ్లు నెల్లూరులోనే కట్టించుకోండి. ఎండ ముదరకముందే తిరుగు బస్సెక్కితే అమ్మగారికి అలసట ఉండదు.