ఘాట్ రోడ్డులో డిస్క్ బ్రేక్ మెత్తబడింది, ఇంట్లోనే ఎయిర్ తీసుకోవచ్చా?

150 సీసీ బండి, నాలుగేళ్లయింది, బ్రేక్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు, లంబసింగి ఘాట్ దిగేటప్పుడు ముందు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది, కింద కాసేపు ఆపాక మళ్లీ మామూలుగా పట్టింది అని రాశారు. వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడిందంటే దాదాపు ఖాయంగా ఆయిల్‌కు నీరు పట్టినట్టే. ఆ ఆయిల్ మార్చి, ఎయిర్ తీయడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. మా ఇంట్లో బండ్లన్నిటికీ నేనే చేస్తాను.

డాట్ 4 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. మూడున్నర శాతం పైచిలుకు నీరు చేరిందంటే 155 డిగ్రీల దగ్గరే మరిగే స్థితికి రావచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే లివర్ చేతిలోకి వచ్చేస్తుంది. చాలా కంపెనీల మాన్యువల్స్ రెండేళ్లకోసారి మార్చమంటాయి. సముద్రం దగ్గర ఉండేవాళ్లయితే ఆ గడువు అసలు దాటించకండి.

మొదట ఒక జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి మీ బండికీ ఉంటుంది. ఆయిల్ మార్చడానికి అది అడ్డు కాదు. కానీ హ్యాండిల్ మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిందా, కొన్ని బండ్లకు సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి తీయాల్సిందే. పని మొత్తంలో మీ కళ్లు డబ్బా మీదే ఉండాలి.

కావలసినవి: సీల్ తీయని చిన్న బ్రేక్ ఆయిల్ బాటిల్ (డాట్ 3నా, 4ఆ అన్నది డబ్బా మూత మీదే ఉంటుంది, డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్), నిపుల్‌కు (చక్రం దగ్గర డిస్క్‌ను పట్టే క్యాలిపర్ మీద, ఆయిల్ బయటికి వదిలే చిన్న గొట్టం లాంటి స్క్రూ) సరిపోయే రింగ్ స్పానర్, ఎక్కువగా 8వ నంబరు. మెడికల్ షాపులో ఒక పెద్ద సిరంజి, సెలైన్ సెట్ అడగండి. ఆ పారదర్శకమైన ట్యూబు ఈ పనికి చక్కగా సరిపోతుంది. నిపుల్‌కు ఎక్కకపోతే కొసను వేడినీళ్లలో ముంచండి. ఇంకా ఒక ఖాళీ సీసా, పాత గుడ్డలు, బకెట్ నీళ్లు. ఈ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. ట్యాంకు మీద తడిగుడ్డ పరిచి, చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, కరిగిపోతుంది.

డబ్బా మూత స్క్రూల దగ్గరే చాలామందికి పని ఆగిపోతుంది. తలలు మెత్తగా ఉంటాయి, ఏళ్ల తరబడి పట్టేసి ఉంటాయి. సరిగ్గా కూర్చునే స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి, దాని పిడి మీద సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి, గట్టిగా అదిమిపట్టి తిప్పండి. చేతికందిన స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడితే తల అరిగిపోయి డ్రిల్లింగ్ దాకా వెళుతుంది.

హ్యాండిల్ తిప్పి డబ్బా మట్టంగా ఉండేలా చూసుకోండి. పాత ఆయిల్‌ను సిరంజితో లాగండి, అడుగున కాస్త ఉంచేసి కొత్తది నింపండి. నిపుల్‌కు ముందు స్పానర్, తర్వాత ట్యూబు తగిలించి, రెండో కొసను కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఇంకో మనిషి ఉంటే పని సులువు. వాళ్లు లివర్‌ను మెల్లగా మూడు నాలుగు సార్లు నొక్కి, అదిమిపట్టి "పట్టాను" అనాలి. మీరు నిపుల్‌ను పావు తిప్పు వదులు చేస్తే ఆయిల్ వస్తుంది, లివర్ కిందికి దిగుతుంది. మీరు బిగించి "వదులు" అన్నాకే వాళ్లు చెయ్యి తీయాలి. ముందే వదిలితే గాలి వెనక్కి లాగేస్తుంది. మా ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే. నాలుగైదు సార్లకోసారి డబ్బా నింపుతూ ఉండండి. టీ డికాక్షన్ రంగులో మొదలైన ఆయిల్ లేత పసుపుకు మారేదాకా సాగించండి.

ట్యూబులో బుడగలు ఎంతకీ ఆగకపోతే కంగారు పడకండి. వదులు చేసిన నిపుల్ థ్రెడ్ల సందుల్లోంచి కూడా గాలి ట్యూబులోకి వస్తుంది, అది లోపలి గాలి కాదు. లివర్ గట్టిదనమే అసలు లెక్క. ఇంకా మెత్తగా ఉంటే చివరి బుడగ ఎక్కువగా పైనే, మాస్టర్ సిలిండర్‌కు (లివర్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) పైపు కలిసే బోల్టు దగ్గర దాక్కుంటుంది. గాలి పైకి పోతుంది కదా, కిందినుంచి ఎంత తీసినా అది రాదు. డబ్బా మీద మూత ఊరికే ఆనించి (లేకపోతే ఆయిల్ మొహం మీదికి చిమ్ముతుంది) లివర్‌ను కొద్దికొద్దిగా ఆడిస్తూ, పైపును స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మధ్యమధ్య మూత తీసి చూస్తే ఆవగింజంత బుడగలు తేలుతుంటాయి. అయినా పూర్తిగా రాకపోతే, మూత బిగించి, లివర్‌ను హ్యాండిల్‌కు రబ్బరుతో కట్టి రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు పొద్దునకు గట్టిపడి ఉంటుంది.

నిపుల్‌ను బలం కొద్దీ బిగించొద్దు, సన్నటిది, విరుగుతుంది. క్యాలిపర్‌ను నీళ్లతో కడగండి. ప్యాడ్లకు ఆయిల్ అంటితే మాత్రం తుడిచి సరిపెట్టుకోకుండా మార్చేయండి. ఇప్పుడు లివర్‌ను గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ఎక్కడా కారకుండానే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి, అది మెకానిక్ పని. దిగకపోతే సందులో నడక వేగంతో రెండు మూడు సార్లు బ్రేక్ వేసి చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.

మిగిలిన ఆయిల్‌ను వచ్చే సారికి దాచకండి, సీల్ తీసిన దగ్గర్నుంచి తేమ పీలుస్తూనే ఉంటుంది. ఇంకోటి, మీరు రాయలేదు గానీ అడుగుతున్నా: ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తున్నారా? అలాగైతే కొత్త ఆయిల్ పోసినా డిస్క్ మళ్లీ అలాగే కాగుతుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి, సగం పని ఇంజినే చేసిపెడుతుంది.