ఎంపీసీ చదివే అమ్మాయి భూకంప శాస్త్రవేత్త కావాలంటే

2024 డిసెంబర్ 4న ములుగు భూకంపం వచ్చినప్పటి నుంచి మీ అమ్మాయి ఈ రంగం మీదే పట్టుబట్టిందని, ఎంపీసీ తర్వాత ఏం చదివించాలో, ఉద్యోగాలుంటాయో లేదో చెప్పమని అడిగారు. నేను పీహెచ్‌డీ చేసింది ఇందులోనే.

చాలామంది జియాలజీ అనుకుంటారు గానీ, దీనికి అసలు కావాల్సింది ఫిజిక్స్, లెక్కలు, కోడింగ్. బీఎస్సీలో ఇవి గట్టిగా చదివితే ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌కి (భూమిని ఫిజిక్స్‌తో చదివే శాస్త్రం) ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీలు దగ్గర్లోనే ఉన్నాయి. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ అనే జాతీయ స్థాయి పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరాలి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి ఇంటి మీద భారం పడదు.

ఇక పని సంగతి. భూమి కదలికల్ని నమోదు చేసే సీస్మోమీటర్ పెట్టాలంటే రోడ్డుకీ, బోరు మోటార్లకీ దూరంగా గట్టి రాయి తగిలే చోటు వెతకాలి. గుంట తవ్వి, రాతి మీద చిన్న దిమ్మ కట్టి, పరికరాన్ని సరిగ్గా ఉత్తరానికి తిప్పి, లెవెల్ చూసుకోవాలి. ఆ తర్వాత అది నమోదు చేసిన రికార్డులు చూస్తూ నెలల తరబడి కంప్యూటర్ ముందే. భూకంపం నుంచి ముందు వేగంగా వెళ్లే పి తరంగం, వెనకాల నెమ్మదిగా వెళ్లే ఎస్ తరంగం వస్తాయి. వాటి మధ్య ఒక్కో సెకను తేడాకి భూకంపం సుమారు 8 కిలోమీటర్ల దూరంలో పుట్టిందని లెక్క. నాకైతే ఇప్పటికీ రికార్డులో ఆ రెండు తరంగాల గీతలు స్పష్టంగా కనబడితే పండగే.

మహారాష్ట్రలోని కొయనా గురించి ఆమెను తప్పకుండా చదవమనండి. 1962లో డ్యామ్ నింపడం మొదలుపెట్టాక చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. 1967 డిసెంబర్ 11న 6.3 తీవ్రతతో పెద్దది వచ్చింది. అక్కడ నేటికీ భూమి కదులుతూనే ఉంది. మన హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దాన్ని పట్టుకుని కూర్చున్నారు. పక్కనే కరాడ్ దగ్గర పరిశోధన కోసం 3 కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు. ఇంత చేసినా, ఫలానా రోజు భూకంపం వస్తుందని ఎవరూ చెప్పలేరు. జోస్యం చెప్పొచ్చనే ఆశతో వస్తే మాత్రం నిరాశే.

ఉద్యోగాలు ఉన్నాయి, కానీ పోస్టులు తక్కువ. ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఢిల్లీలో ఎన్‌సీఎస్ (జాతీయ భూకంప కేంద్రం) ఉంది. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జీఎస్ఐలో (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) జియోఫిజిసిస్ట్ కావచ్చు. అదీ కుదరకపోతే, ఇదే తరంగాల చదువు చమురు కంపెనీల్లోనూ పనికొస్తుంది.

ఈ సెలవుల్లో ఆమెను పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకోమనండి. అబ్‌స్పై (ObsPy) అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన కోడ్) నిజమైన భూకంపం రికార్డు దించుకుని, పి, ఎస్ తరంగాలు ఎక్కడ మొదలయ్యాయో తనే గుర్తించడానికి ప్రయత్నించమనండి. ఇంట్లో కూర్చునే ఈ పని రుచి తెలుస్తుంది.