కండరాల ల్యాబ్‌లో చేరబోతున్న చిన్నికి

చిన్నీ,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికాలో కండరాల ఫిజియాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీకి సీటొచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నీకు రాయాలని ఉంది. పాఠాలు, పేపర్లు నువ్వే చదువుకుంటావు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. అలాంటి ల్యాబ్‌కే చాలాకాలం మేనేజర్‌గా ఉన్నదాన్ని కాబట్టి అక్కడి మనుషుల గురించి చెబుతాను. నీ డేటా ఎంత గట్టిగా ఉంటుందన్నది చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

చేరగానే టెక్నీషియన్ ఎవరో కనుక్కుని వాళ్ల పక్కన కూర్చో. ప్రొఫెసర్‌కి గ్రాంట్లు రాయడంతో, క్లాసులతో సరిపోతుంది. రిగ్ మీద, అంటే కండరం బలం కొలిచే పరికరం మీద, రోజూ చెయ్యి ఉండేది టెక్నీషియన్‌దే. చిట్టెలుక కాలి నుంచి ఈడీఎల్ అనే, కాలివేళ్లను చాపే కండరం తీస్తున్నప్పుడు ఆ చేతులనే చూడు. అది పది మిల్లీగ్రాముల దగ్గర తూగే కండరం. మైక్రోస్కోప్ కింద రెండు చివర్లా కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లకు సన్నటి పట్టుదారం కట్టాలి. ఫోర్సెప్స్‌తో టెండన్‌నే పట్టుకోవాలి, నడుమ కండను నొక్కితే అక్కడి ఫైబర్లు, అంటే కండరపు పోగులు, దెబ్బతింటాయి. ముడి కండ మీద పడకూడదు, అలాగని దూరంగానూ కట్టకూడదు, మధ్యలో మిగిలిన టెండన్ సాగుతుంది. ముడి వదులైతే కండరం బిగుసుకున్నప్పుడు దారం జారి ఫోర్స్ తక్కువ చూపిస్తుంది. ఈ ఎలుక కండరాలు బలహీనపడ్డాయని నువ్వు సంబరంగా నోట్‌బుక్‌లో రాసుకుంటావు. ముడి ఎంత బిగించాలో ఏ ప్రోటోకాల్‌లోనూ ఉండదమ్మా, చూసి నేర్చుకోవాల్సిందే.

తూకం దగ్గర కూడా జాగ్రత్త. ప్రయోగం అయ్యాక కండరాన్ని ఫిల్టర్ పేపర్ మీద అద్ది బరువు చూస్తారు. ఆ బరువు, ఫైబర్ పొడవు, 1.06 అనే సాంద్రత, వీటితోనే అడ్డుకోత వైశాల్యం లెక్క కడతారు. ఒకరు గట్టిగా అద్దుతారు, ఇంకొకరు పైపైన అద్ది వదిలేస్తారు. ఒక్క మిల్లీగ్రాము తడి మిగిలిపోయినా స్పెసిఫిక్ ఫోర్స్, అంటే ఫోర్స్‌ని ఆ వైశాల్యంతో భాగిస్తే వచ్చేది, పది శాతం దాకా మారిపోతుంది. అందుకే ఒక స్టడీ మొత్తానికి ఒకే మనిషి తూకం వెయ్యాలి, ఏ ఎలుక ఏ గ్రూపుదో ఆ మనిషికి తెలియకూడదు. ఎలుకలకు కోడ్ పెట్టి ఇమ్మని, పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌ని అడుగు. కొత్తదాన్ని కదా అని మొహమాటపడకు.

యానిమల్ హౌస్ వాళ్లతో పేరు పెట్టి పలకరించేంత చనువు ఉండాలి. ఏ పంజరంలో ఎలుకలు కొట్టుకుంటున్నాయో, ఏది తిండి మానేసిందో ముందు వాళ్లకే తెలుస్తుంది. నువ్వు చంపబోయే ఎలుకను పెంచింది వాళ్లే, అది మర్చిపోకు. ఆ పని చేసిన రోజు మనసు బాగుండదు. దాచుకోకుండా ల్యాబ్‌లో ఎవరితోనైనా మాట్లాడు, ఆ బాధ అక్కడ అందరికీ తెలిసిందే.

మనుషుల మీద స్టడీ అయితే ఇంకో రకం మనుషులు వస్తారు, వాలంటీర్లు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, తొడ కండరం నుంచి బయాప్సీ సూదితో చిన్న ముక్క తీస్తారు. వాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, సైన్స్‌కి పనికొస్తుందని వాళ్లంతట వాళ్లే ఒప్పుకుని వచ్చినవాళ్లు. వాళ్ల ముందు "శాంపిల్ చిన్నగా వచ్చింది" లాంటి మాటలు అనకు. ముక్కను ఫ్రీజ్ చెయ్యాలన్న హడావుడి నీకు ఉంటుంది, అందుకని వాళ్ల దగ్గర కూర్చోవడానికి ఇంకొకరు ఉండేలా ముందే చూసుకో. మర్నాడు ఫోన్ చేసి నొప్పి ఎలా ఉందో అడగాలి.

నోట్‌బుక్ సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. కండరాన్ని ద్రవంలో ముంచి ఉంచే చిన్న తొట్టి, అదే బాత్, అందులో ఉష్ణోగ్రత ఎంత, కండరం తీశాక ఎన్ని నిమిషాలైంది, ఏది పాడైంది, అన్నీ రాయి. ఏ ప్రెపరేషన్‌ని, అంటే తీసి సిద్ధం చేసిన కండరాన్ని, పక్కన పెట్టాలో ప్రయోగానికి ముందే నిర్ణయించుకో. వింత రీడింగ్ వస్తే కొట్టెయ్యకు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు, 1925లో అచ్చయింది. ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి చెప్పే అదే పద్ధతిని కండరం మీద వాడితే రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఎందుకు ఆలస్యమైందని వెంటపడితే 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. లాక్టిక్ యాసిడ్ వల్లే కండరం పనిచేస్తుందని పెద్దపెద్దవాళ్లు నమ్ముతున్న రోజులవి. చేత్తో కొలిచే మనిషి కంటికే ఇలాంటివి చిక్కుతాయి.

ఆ చేతుల పేర్లు మాత్రం తొందరగా జారిపోతాయి. 1954 మేలో నేచర్ పత్రికలో రెండు పేపర్లు పక్కపక్కనే వచ్చాయి. కండరం బిగుసుకునేటప్పుడు ఫిలమెంట్లు, అంటే లోపలి సన్నటి ప్రోటీన్ దారాలు, కుంచించుకుపోవు, ఒకదాని పక్కన ఇంకొకటి జారుతాయని రెండూ చెప్పాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె రాసింది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. హక్స్‌లీలిద్దరూ చుట్టాలు కారు. ఇప్పుడు ఎవరి నోట విన్నా "హక్స్‌లీ థియరీ" అనే వస్తుంది, హాన్సన్ పేరు పలికేవాళ్లు తక్కువ. నాకు అది బాధగా ఉంటుంది.

కాబట్టి పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ ఉంటుందన్న మాట పని మొదలైనప్పుడే ప్రొఫెసర్‌తో మాట్లాడు. నీ కోసమే కాదు, నీ దగ్గర పని నేర్చుకునే డిగ్రీ పిల్లల కోసం కూడా. ప్రొఫెసర్‌ని కలిసేటప్పుడు బార్ గ్రాఫ్‌తో పాటు అసలు ట్రేసులు, అంటే రిగ్ గీసిన ఫోర్స్ గీతలు, కూడా పట్టుకెళ్లు. కండరం తీరు ట్రేసులోనే తెలుస్తుంది, మాట కూడా అక్కడే సాగుతుంది.

బయల్దేరే ముందు టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఆ కాగితం సర్టిఫికెట్లతో పాటు పెట్టుకో. జంతువులతో పనిచేసేవాళ్లను చాలాచోట్ల అడుగుతారు. యానిమల్ ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఎలుకల గదిలోకి రానివ్వరు కాబట్టి చేరిన వారంలోనే దానికి పేరు ఇచ్చెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ